గోడ బీటను చదవడమూ ఉద్యోగమే

అవుకులోనో, నంద్యాలలోనో పాత ఇల్లు కొనేవాళ్లు ముందు ఎవర్ని పిలుస్తారు? వాస్తు సిద్ధాంతిని. తర్వాత దస్తావేజు లేఖరిని. గోడ తట్టి చూసే ఇంజినీరును మాత్రం పిలవరు. రంగు కొత్తగా ఉంటే చాలు, బేరం కుదిరిపోతుంది. వానకు స్లాబు కారితే 'మా ఖర్మ' అంటారు. సివిల్ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న మిత్రులారా, మీకు పని ఇక్కడే ఉంది.

నంద్యాల ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పునాది సరిగా లేకపోతే గోడలు బీటలిస్తాయి. ఏ బీట పైపూతది, ఏది పునాదిది అని తేల్చి చెప్పడమే మీ విద్య. నాపరాళ్ల మిద్దె అయితే రాళ్ల సందుల్లో నెమ్ము చూడాలి. ఎర్తింగు, సంపు, డ్రైనేజీ సరేసరి.

లోపాలు చెప్తే సగం పనే అయినట్టు. మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియన్లతో ఖర్చు అంచనా రాయించండి. ఇక అమ్మేవాళ్లు బాగుచేసైనా ఇవ్వాలి, ఆ మేరకు ధరైనా తగ్గించాలి. నన్నడిగితే తగ్గింపే మేలు. ఇల్లు వదిలి పోయేవాళ్లు చేయించే రిపేరు పైపై పూతే! రిపేరుకే ఒప్పుకుంటే గడువుతో సహా అగ్రిమెంటులో రాయించండి. ఇదంతా రిజిస్ట్రేషన్‌కు ముందే జరగాలి. ఊడిన గొళ్లేనికి పేచీ పెడితే కారే స్లాబు సంగతి పక్కకుపోతుంది.

చట్టమూ తెలియాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తెలిసి ఉంటే అమ్మేవాళ్లు చెప్పాలి. అంటే కంటికి కనిపించేది చూసుకోవాల్సింది కొనేవాళ్లే. 2016 రెరా చట్టం కింద నమోదైన ప్రాజెక్టులో, స్వాధీనమైన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం చెప్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఊళ్లో ఒకరి నుంచి కొనే పాత ఇంటికి ఆ అండ లేదు.

'బ్యాంకు వాల్యుయేటర్ చూస్తాడు కదా' అంటారు. ఆయన చూసేది అప్పుకు ఇల్లు సరిపోతుందా అని. కొనేవాళ్ల తరఫున చూసేది ఎవరు?

పట్టా రాగానే బోర్డు పెట్టమని కాదు. అనుభవమున్న ఇంజినీరు వెంట కొన్నాళ్లు తిరగండి. ఫీజు కొనేవాళ్ల దగ్గరే తీసుకోండి, బ్రోకరు కమీషన్ ముట్టొద్దు. జీవితకాలం కూడబెట్టిన డబ్బుకు కాపలా కాసే పని ఇది. మాట పోతే మళ్లీ ఎవరూ పిలవరు.