కాగితం లేకుండా కెమెరా ముందుకు వెళ్ళొద్దు

ఉద్యోగం మాని హిందీ సినిమాల్లో నటించడానికి, సినిమాలు తీయడానికి ముంబయి చేరిన తెలుగువారికీ, చేరబోతున్నవారికీ మనవి



లక్షల జీతం వదిలి తెరమీదికి వచ్చారన్న కథలు చదవడం అందరికీ ఇష్టమే. రాజీనామా ఉత్తరం, ఇంట్లో గొడవ, అంధేరీలో ఇరుకు గది, చివర్లో పోస్టరు మీద బొమ్మ. ఈ కథల్లో ఒక్క సంగతి మాత్రం ఎవరూ రాయరు. గదికీ పోస్టరుకీ మధ్య గడిచిన ఏళ్ళలో అద్దె ఎక్కణ్ణుంచి వచ్చింది? వదిలేసిన జీతం గురించి ఇంత రాస్తారు గానీ, ఆ జీతంలోంచి మిగుల్చుకున్న డబ్బే మనిషిని నిలబెట్టిందని రాయరు.

మనవాళ్ళ సంగతే చూడండి. హైదరాబాదువాడైన నగేష్ కుకునూర్ ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్ళి, పర్యావరణ సలహాదారుగా పనిచేశారు. ఆ సంపాదనలోంచి 17 లక్షలు పెట్టి 1998లో ‘హైదరాబాద్ బ్లూస్’ తీశారు, ముఖ్యపాత్ర తనే వేశారు. అక్కణ్ణుంచి ‘ఇక్బాల్’, ‘డోర్’ దాకా నడిచారు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో స్నేహితులైన రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటూ 2003లో ‘ఫ్లేవర్స్’ తీశారు. ‘స్త్రీ’, ‘ది ఫ్యామిలీ మ్యాన్’ ఆ తర్వాతి సంగతులు. నవీన్ పొలిశెట్టి ఇంజనీరింగ్ చదివి, ఇంగ్లండులో ఉద్యోగం మాని వచ్చి, ముంబయిలో ఏళ్ళ తరబడి ఆడిషన్లు ఇచ్చాక 2019లో ‘ఛిఛోరే’లో కనిపించారు.

వీళ్ళ ప్రతిభను తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. ప్రతిభ ఉండి, వెనక జీతం లేనివాళ్ళ సంగతేమిటన్నదే మా ప్రశ్న. సురభి నాటక కుటుంబంలో పుట్టి, పదేళ్ళకే రంగస్థలం ఎక్కిన అమ్మాయి మనలో చాలామందికన్నా బాగా నటిస్తుంది. ఆ అమ్మాయి అంధేరీలో మూడు నెలలు ఉండగలదా? ఇక్కడ ఇల్లు దొరకాలంటే డిపాజిట్ కట్టాలి, 11 నెలల లైసెన్సు ఒప్పందం రాయించుకోవాలి, బ్రోకరుకి ఇచ్చుకోవాలి, ‘సినిమావాళ్ళకి ఇవ్వం’ అనే సొసైటీ సెక్రటరీని బతిమాలుకోవాలి. ఇవాళ హిందీ తెర మీదికి వెళ్ళడానికి అసలు పరీక్ష ఒకటే, రాబడి లేకుండా ఎన్నాళ్ళు ఆగగలవు అని. ఆ పరీక్షలో మనం పాసయ్యేది బ్యాంకు బ్యాలెన్సు వల్ల.

పూర్వం ఇంకో దారి ఉండేది. అమ్రిష్ పురి ఇరవై ఏళ్ళు ఈఎస్ఐ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేస్తూనే నాటకాలు వేశారు. అమోల్ పాలేకర్ బ్యాంకు ఉద్యోగిగా ఉంటూ రంగస్థలం మీద పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడది కష్టం. రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో ఆడిషన్ కబురొస్తుంది, పొద్దున పదికల్లా వెర్సోవా ఆరామ్ నగర్‌లో వరసలో నిలబడాలి. గుమ్మం దగ్గర ఓ కుర్రాడు ఎగాదిగా చూసి ‘నాట్ ఫిట్’ అంటే ఆ రోజుకి అంతే. ఏ మేనేజరు ఇస్తాడు ఇలాంటి సెలవులు?

పాత్ర దొరికాక కష్టాలు తీరతాయనుకుంటే పొరపాటు. డబ్బు ఎప్పుడొస్తుందన్న బెంగ అక్కడే మొదలవుతుంది. హిందీ టీవీ సీరియళ్ళలో పని చేసిన తొంభై రోజులకు చెల్లించడం పాత ఆనవాయితీ. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగినప్పుడు, అంతకు ముందెప్పుడో చేసిన పనికి రావలసిన డబ్బు కోసం నటులు బహిరంగంగా మొరపెట్టుకోవలసి వచ్చింది. ఒకరోజు పాత్రలకూ, ప్రకటనలకూ చాలాసార్లు కాగితమే ఉండదు. ‘లాక్ అయ్యావు’ అని ఫోనులో చెబుతారు. ఆ తేదీల్లో ఇంకో పని ఒప్పుకోవద్దంటారు. ముందురోజు సాయంత్రం షూటింగు రద్దయితే ఒక్క రూపాయీ ఇవ్వరు. డబ్బు వచ్చినా, పాత్ర ఇప్పించిన కోఆర్డినేటరు వాటా పోగా వస్తుంది. ఒక్కోసారి టీడీఎస్ పది శాతం కోసినట్టు మన పన్ను ఖాతాలో ముందే కనిపిస్తుంది, మిగతా తొంభై శాతం జాడ ఉండదు! ప్రభుత్వం వాటా అందిందని సంతోషించాలి కాబోలు.

ఇదంతా చట్టం లేక జరగడం లేదు. రాతపూర్వక ఒప్పందం లేకుండా కథాచిత్రంలో సినీ కార్మికుణ్ణి పనిలో పెట్టుకోరాదని 1981లోనే పార్లమెంటు చట్టం చేసింది. అందులో వేతన పరిమితి ఉండేది, ఆ చట్టం కథాచిత్రాలకే వర్తించేది. 2020 నాటి కార్మిక కోడ్ ఆ పరిధిని వెబ్ సీరియళ్ళకూ, ప్రకటనలకూ, టీవీ షోలకూ పెంచింది. ఇక చెల్లింపు గడువు సంగతి. సూక్ష్మ, చిన్న సంస్థ సరుకు గానీ సేవ గానీ అందిస్తే, ఒప్పందం ఏమున్నా సరే, 45 రోజులు దాటి డబ్బు ఆపరాదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆపితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కట్టాలి. గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడం కూడా కుదరదని 2023 బడ్జెట్‌లో సవరణ తెచ్చారు. నట్లు, బోల్టులు పంపిన చిన్న వర్క్‌షాపువాడికి నలభై ఐదు రోజుల గడువు ఉన్నప్పుడు, నటుడికి తొంభై ఎందుకు?

మేం కోరుతున్నది ఇంతే. ఒక్కరోజు పాత్రకైనా ఒక పేజీ ఒప్పందం ఉండాలి. అందులో పారితోషికం, తేదీలు, పని గంటలు, షూటింగు రద్దయితే ఎంత ఇస్తారు, ప్రకటనైతే ఎన్నాళ్ళు ఎక్కడెక్కడ వాడుకుంటారు అన్నవి రాసి ఉండాలి. పని ముగిసిన 45 రోజుల్లో డబ్బు ఖాతాలో పడాలి. ఆడిషన్‌కీ, ‘పోర్ట్‌ఫోలియో’కీ, ‘రిజిస్ట్రేషన్’కీ ఎవరూ నటుల దగ్గర డబ్బు తీసుకోకూడదు. నటుల సంఘం సింటా, నిర్మాతల సంఘాలు కూర్చుని ఈ ఒక్క పేజీని అందరికీ ఒకే నమూనాగా ఖాయం చెయ్యాలి.

కొత్తవాడు కాగితం అడిగితే పాత్ర పోతుంది కదా అంటారు. నిజమే, పోతుంది. వరసలో వెనక ఇంకో నలభైమంది ఉంటారు. అందుకే ఈ కరపత్రం అందరికీ కాకుండా ముందుగా మీకు రాస్తున్నాం. ఒక పాత్ర పోతే వచ్చే నెల అద్దె ఆగిపోనివాళ్ళు ఈ వరసలో మీరే. పోగొట్టుకునే స్తోమత ఉన్నవాడు అడగకపోతే, లేనివాడు అడుగుతాడని ఎలా అనుకోవాలి? పైగా మీకీ ఒప్పందాల భాష కొత్త కాదు. పర్చేజ్ ఆర్డరు రాకుండా పని మొదలుపెట్టని కంపెనీల్లో పనిచేశారు, బకాయి ఇన్‌వాయిసుల వెంటపడి వసూలు చేశారు. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని ఏటా ఆన్‌లైన్ శిక్షణలో, సగం నిద్రలోనైనా, క్లిక్ కొట్టారు. అవన్నీ గేటు దగ్గర ఐడీ కార్డుతో పాటు అప్పగించి రావలసిన అవసరం లేదు. సెట్టులో ఆ కమిటీ సభ్యులెవరని అడగండి. రాత్రిపూట ఫ్లాటులో ‘మీటింగ్’ అంటే ఆఫీసులో పగలు పెట్టమనండి.

ఇప్పుడు నొప్పి కలిగించే మాట. మనలో కొందరు నటనతో ఆగకుండా నిర్మాతలవుతున్నారు. తెలుగు సినిమాతో మొదలుపెట్టిన తాప్సీ పన్ను కూడా ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగే, ఇప్పుడు సొంత నిర్మాణ సంస్థ నడుపుతున్నారు. మంచిదే. కానీ నటుడిగా తొంభై రోజులు ఎదురుచూసి తిట్టుకున్నవాడే, చిన్న సినిమా మొదలుపెట్టగానే ‘ఓటీటీ కొన్నాక సర్దుతాం’ అని తోటి నటులకు చెప్పడం చూస్తున్నాం. ఓటీటీ కొంటుందో లేదో దేవుడికే తెలియాలి. ఆ జూదంలో పందెం నిర్మాతది కావాలి, రోజుకూలీకి వచ్చిన నటుడిది కాకూడదు. పారితోషికాల మొత్తం షూటింగు ముందే వేరే ఖాతాలో వెయ్యండి, ఆ ఖాతా జోలికి పోకండి. డబ్బు చాలకపోతే లొకేషన్లు తగ్గించండి, డ్రోన్ షాట్లు మానండి, షూటింగు రోజులు కుదించండి. కూలి మాత్రం కొయ్యకండి.

కార్పొరేట్ అనుభవం ఉంది కాబట్టి లెక్క తప్పదన్న ధీమా కూడా పనికిరాదు. సినిమాల్లోకి రాకముందు కలకత్తాలో కంపెనీ ఉద్యోగం చేసిన అమితాబ్ బచ్చన్ 1995లో పేరులోనే కార్పొరేషన్ ఉన్న ఏబీసీఎల్ పెట్టారు. 1996లో బెంగళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిపింది ఆ కంపెనీయే. కొద్ది కాలానికే కోట్ల అప్పుల్లో కూరుకుపోయింది. ఆయన కాబట్టి మళ్ళీ పనిచేసి తీర్చగలిగారు. మీ సినిమా మునిగితే మీ దగ్గర మిగిలేది హార్డ్ డిస్కు, బకాయిల జాబితా.

హైదరాబాదు, బెంగళూరు కంపెనీల పెద్దలకూ ఒక మాట. ఎంబీఏకి ఏడాది జీతం లేని సెలవు ఇవ్వగలిగినప్పుడు నటనకీ ఇవ్వండి. తిరిగి వచ్చినవాడు ఖాళీ చేతులతో రాడు, నలుగురి ముందు మాట్లాడటమైనా నేర్చుకుని వస్తాడు. తల్లిదండ్రులకు మేం చెప్పేదేమీ లేదు, వాళ్ళ భయం సబబే.

ఈ కాగితం వెనకవైపు ఒక పేజీ ఒప్పందం నమూనా ఇంగ్లీషులో, హిందీలో అచ్చు వేశాం. పది కాపీలు తీసుకుని సంచిలో పెట్టుకోండి. పాత్ర ఖాయమైందని ఫోను రాగానే ఖాళీలు నింపి ప్రొడక్షన్ మేనేజరుకి పంపండి, మేకప్ కుర్చీలో కూర్చోకముందే సంతకం అడగండి. కుదరదంటే ఏ తేదీన, ఏ పనికి కుదరదన్నారో ఆ కాగితం కిందే రాసి సింటాకి ఒక కాపీ ఇవ్వండి. పక్క కుర్చీలో కొత్త అమ్మాయి ఉంటే ఆమెకూ ఒకటి ఇచ్చి, ఇద్దరూ కలిసే అడగండి.

ఇట్లు,
ఆఫీసులు వదిలి వచ్చిన కొందరు తెలుగు నటులు, చిన్న నిర్మాతలు
అంధేరీ, ముంబయి