సున్నా పెట్టి చూద్దాం

బదిలీ ఉత్తర్వు వస్తుంది. సామాను లారీ ఎక్కుతుంది. మన చేతికి టీసీ వస్తుంది. కొత్త ఊళ్లోనూ యూనిఫాం అదే, పుస్తకాలూ అవే. కానీ అక్కడి తరగతి ఏ పాఠం దగ్గరుందో వెళ్లేదాకా తెలియదు. మనం ఇంకా మొదలుపెట్టని పాఠాన్ని వాళ్లు ఎప్పుడో ముగించి ఉంటారు. చేరిన వారంలోనే యూనిట్ టెస్ట్! అప్పుడు మనలో చాలామందిమి చేసేది ఒక్కటే. పక్కవాళ్ల నోటుబుక్కు అడిగి తీసుకుని, సూత్రాలన్నీ ఒక్క రాత్రిలో బట్టీ పడతాం. పరీక్షలో సగం తలకిందులుగా గుర్తొస్తాయి.

అందుకే మా అభిప్రాయం ఇది: సూత్రంతో పాటే దాన్ని పరీక్షించే పద్ధతినీ తరగతిలో నేర్పాలి. పద్ధతి చాలా తేలిక. సూత్రంలో ఒక కొలతను సున్నా చేయాలి, లేదా చాలా పెద్దది చేయాలి, లేదా రెండు కొలతలను సమానం చేయాలి. అప్పుడు మిగిలేది మనకు ముందే తెలిసిన విషయంతో కలవాలి.

ట్రెపీజియం వైశాల్యం చూడండి. సమాంతర భుజాల మొత్తంలో సగాన్ని ఎత్తుతో గుణిస్తాం. ఒక సమాంతర భుజాన్ని కుదిస్తూ పోయి సున్నా చేస్తే బొమ్మ త్రిభుజం అవుతుంది. సూత్రం కూడా త్రిభుజ సూత్రమే అవుతుంది. 'సగం' రాయడం మరిచిపోయి ఉంటే ఇక్కడే దొరికిపోతాం.

బ్రహ్మగుప్తుడు 628లో రాసిన 'బ్రహ్మస్ఫుట సిద్ధాంతం'లో చక్రీయ చతుర్భుజ వైశాల్యానికి సూత్రం ఉంది. చుట్టుకొలతలో సగం నుంచి నాలుగు భుజాలనూ విడివిడిగా తీసివేసి, వచ్చిన నాలుగింటినీ గుణించి, వర్గమూలం తీయాలి. అందులో ఒక భుజాన్ని సున్నా చేస్తే మనం చదివే హీరోన్ సూత్రం వస్తుంది. ఏ త్రిభుజం మూడు శీర్షాల గుండానైనా వృత్తం గీయవచ్చు కాబట్టి 'చక్రీయ' అన్న షరతుకు కూడా ఇబ్బంది లేదు. ఇక హీరోన్ సూత్రంలో 3, 4, 7 భుజాలు పెడితే వైశాల్యం సున్నా వస్తుంది. రావాలి కూడా, ఎందుకంటే ఆ త్రిభుజం చదునై గీతగా మారిపోయింది.

విద్యుత్ పాఠంలోనూ ఇంతే. 6 ఓంలు, 3 ఓంల నిరోధాలను సమాంతరంగా కలిపాం. లబ్ధాన్ని మొత్తంతో భాగించాలా, మొత్తాన్ని లబ్ధంతో భాగించాలా? 3 ఓంల చోట నిరోధం లేని ఉత్త తీగ ఉందనుకుందాం. కరెంటంతా తీగలోంచే పోతుంది, మొత్తం నిరోధం సున్నా కావాలి. మొదటి పద్ధతిలో 0ని 6తో భాగిస్తే సున్నాయే వచ్చింది. రెండో పద్ధతిలో 6ని 0తో భాగించాల్సి వస్తుంది, అది కుదరదు. కాబట్టి మొదటిదే సరి, జవాబు 2 ఓంలు. సర్క్యూట్లు తయారుచేసే ఇంజనీర్లు కూడా ఇలాగే చూస్తారు. స్థిరమైన డీసీకి కెపాసిటర్‌ను తెగిన తీగగా, చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీకి అతికిన తీగగా ఊహించుకుని, సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో ముందుగా అంచనా వేస్తారు.

ఇందులో ఒక చిక్కుంది. సమాంతర సంధానంలో మొత్తం నిరోధం రెండింటిలో చిన్నదానికి సమానమని ఎవరైనా అన్నారనుకోండి. ఆ మాట తప్పే. అయినా సున్నా పెట్టినా నెగ్గుతుంది, ఒక నిరోధాన్ని పూర్తిగా తీసేసినా నెగ్గుతుంది. రెండు 10 ఓంల నిరోధాలు పెడితేనే, 5 రావాల్సిన చోట 10 వచ్చి పట్టుబడుతుంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. సూత్రానికి మాత్రం రెండు మూడు మెతుకులు పట్టి చూడాలి. ఇన్ని చూసినా అది నిరూపణ కాదు. నిరూపణ నేర్చుకోవాల్సిందే.

సిలబస్ పూర్తిచేయడానికే సమయం చాలదని మా ఉపాధ్యాయులు అంటారు. నిజమే. మేము అడిగేది సూత్రానికి రెండు నిమిషాలు, యూనిట్ టెస్ట్‌లో ఒక్క మార్కు ప్రశ్న. మధ్యలో వచ్చి చేరే పిల్లలకు ఆ రెండు నిమిషాలు ఎంతో ఉపయోగం. ఈలోగా మనమే మొదలుపెడదాం. ఈ రోజు మీ పుస్తకంలో ఒక సూత్రం తీసి, ఒక చోట సున్నా పెట్టి చూడండి.