గ్రుడ్డు చిన్నదైన వారము

ఖరగ్‌పూరు గోల్‌బజారునకు ప్రొద్దుటిపూట సంచి చేతబట్టుకొని పోవు అలవాటు మా కుటుంబమున మూడు తరములనుండి వచ్చుచున్నది. బెంగాలు నాగపూరు రైల్వేవారి కర్మాగారమున పని దొరకునని విని, శ్రీకాకుళము వైపునుండి బయలుదేరి వచ్చిన వేలకొలది కుటుంబములలో మాదియు నొకటి. మథురాకాటిలోను, నిమ్‌పురాలోను నేటికిని తెల్లవారగనే వాకిట ముగ్గు కనబడు ఇండ్లు అట్లు వచ్చినవారివే. గడచిన మాఘమాసమున ఒకనాడు నేను గ్రుడ్ల దుకాణము ముందు నిలిచియుండగా, వంగదేశీయుడైన ఆ దుకాణదారుడు ముప్పది గ్రుడ్ల ట్రే నొకదానిని రెండు చేతులతో నెత్తి మెల్లగా నిటునటు కదిపెను. గ్రుడ్లు తమ గుంటలలో వదులుగా దొర్లి సన్నగా చప్పుడు చేసినవి. "ఆంధ్రేర్ డిమ్ ఛోటో హోయే గేఛే, దాదా" అని ఆయన యనెను. ఆంధ్రదేశపు గ్రుడ్డు చిన్నదైపోయినదట. వేసవి యెండలకు గ్రుడ్డు చిన్నదగుట కలదు. కాని అది చలిదినము. నాకు సమాధానము తోచలేదు.

ఆ గ్రుడ్లు ఎచ్చటనుండి వచ్చునో ఈ యూరివారందఱు నెఱుగుదురు. తణుకు, అనపర్తి ప్రాంతములనుండి బయలుదేరిన లారీలు 16వ నంబరు జాతీయరహదారిమీద విశాఖపట్టణము, బరంపురము, బాలేశ్వరము దాటి, మా చౌరంగీ కూడలిమీదుగా కలకత్తా కేగుచుండును. 2022-23 సంవత్సరమున మన దేశమున ఉత్పత్తియైన గ్రుడ్లు సుమారు 13,838 కోట్లు కాగా, అందు అయిదవవంతు ఆంధ్రప్రదేశమునుండియు, రమారమి ఎనిమిదవవంతు తెలంగాణమునుండియు వచ్చినవి. బెంగాలు తన కోళ్లను తాను పెంచుకొనుటలో ఇటీవల ముందునకు వచ్చినదన్నది నిజమే. అయినను బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకును, రైల్వే క్వార్టర్లలోని పెనములకును గోదావరి గ్రుడ్డు రాక తప్పుట లేదు.

అనపర్తి దగ్గర లక్ష లేయరు కోళ్లు పెంచు మేనల్లు డొకడు నాకు గలడు. ఆ సాయంకాలము వానికి ఫోను చేసి సంగతి యడిగితిని. "మావయ్యా, డీఎల్‌ఎమ్ రేటు పెరిగిందండీ. పదిహేను రోజులు కాస్త తగ్గించి కలిపాం. అది తగ్గితే ముందు గుడ్డు బరువు పడిపోద్దండీ" అని వాడు తడుముకొనకుండ చెప్పెను. ఆ మూడక్షరముల వస్తువును గూర్చి మన పత్రికలలో ఒక్క వాక్యమైనను కనబడకుండుటయు, అది లేనిదే పదునైదువందల కిలోమీటర్లు కూడ దూరము లేని రెండు రాష్ట్రముల నడుమ గ్రుడ్డు తన పరిమాణమును నిలుపుకొనలేకుండుటయు నా మనస్సున నాటి, ఈ వ్యాసమునకు కారణమైనవి.

డీఎల్‌ఎమ్ అనగా మెథియోనీను. గంధకమును గర్భమున దాల్చిన అమైనో ఆమ్లము. మాంసకృత్తులన్నియు ఇరువది రకముల అమైనో ఆమ్లముల కూర్పులు. వీనిలో కొన్నింటిని దేహము స్వయముగా తయారుచేసికొనగలదు. కొన్నింటిని ఆహారమునుండియే గ్రహింపవలెను. పల్లకి మోయుటకు నలుగురు బోయీలు కావలసినచోట ముగ్గురే యున్నయెడల, ఆ ముగ్గురెంత బలశాలురైనను పల్లకి నేలవిడువదు. అట్లే దాణాలో తక్కిన అమైనో ఆమ్లములు పుష్కలముగా నున్నను, ఏ యొక్కటి లోపించినదో దాని మేరకే గ్రుడ్డు తయారగును. మొక్కజొన్న, సోయా చెక్క ప్రధానముగా గల మన కోళ్లదాణాలో ఆ రాని బోయీ మెథియోనీను; అటుపిమ్మట లైసీను.

మనుష్యుల విషయమున ఈ రహస్యము మన వంటయింటివారికి పేరు తెలియకుండనే తెలియును. బియ్యమున లైసీను తక్కువ, కందిపప్పున ఎక్కువ. పప్పున మెథియోనీను తక్కువ. బియ్యము ఆ కొఱతను తీర్చును. పప్పన్నము, పులగము, మినపపప్పును బియ్యమును కలిపి రుబ్బిన ఇడ్లి, ఇవన్నియు ఒకదాని లోపమును వేరొకటి పూడ్చు కూర్పులే. 1914లో అమెరికా శాస్త్రజ్ఞులైన ఆస్బర్న్, మెండెలు ఎలుకలకు మొక్కజొన్నలోని జీన్ అను మాంసకృత్తును మాత్రమే పెట్టగా అవి కృశించినవనియు, లైసీను, ట్రిప్టోఫాను చేర్చగా మరల పెరిగినవనియు చూపిరి. హైదరాబాదులోని నేటి జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్, శ్రీకాంతియా అను వైద్యశాస్త్రజ్ఞులు జొన్నన్నము తిను బీదలకు వచ్చు పెల్లాగ్రా వ్యాధిని పరిశీలించి, జొన్నలో ల్యూసీను అధికమగుట దానికి కారణమని 1960లో ప్రతిపాదించిరి. తరువాతివారు దానితో విభేదించినను, అమైనో ఆమ్లముల హెచ్చుతగ్గులు బీదవాని చర్మముమీద వ్రాతయై కనబడునన్న సంగతి మన నేలమీదనే చర్చకు వచ్చినదని మఱువరాదు.

ఇక లెక్క చూతము. గ్రుడ్లుపెట్టు కోడి దినమునకు సుమారు 110 గ్రాముల దాణా తినును. టన్ను దాణాకు కిలోన్నర మెథియోనీను కలుపుదురనుకొన్నయెడల, ఒక కోడికి దినమున కందునది 0.165 గ్రాము, చూపుడువ్రేలికొనకు అంటునంత. లక్ష కోళ్లున్న మా మేనల్లుని షెడ్లకు దినమునకు 11 టన్నుల దాణాయు, అందు 16.5 కిలోల మెథియోనీనును కావలెను. 25 కిలోల సంచి ఒకటిన్నర దినము వచ్చును. ఆ సంచిని నేను చూచితిని: తెల్లని సన్నని రవ్వ, ముక్కునకు దగ్గరగా తెచ్చిన కుళ్లిన క్యాబేజీ వాసన వంటిదేదో లీలగా తగులును, సంచిమీద విదేశపు రేవుపట్టణము పేరు. మన దేశపు దాణాలో కలియు మెథియోనీను, లైసీను అత్యధికభాగము ఇట్లు ఓడలమీద వచ్చునదియే. మొక్కజొన్న మనది, కోడి మనది, షెడ్డు కట్టిన చేతులు మనవి. గ్రుడ్డు బరువును నిర్ణయించు చిటికెడు మాత్రము పరులది.

లైసీను తయారగు విధము మెథియోనీనునకు భిన్నము. దానిని మన దేశముననే తయారుచేయవలెనను నా వాదమునకు ఆధారమును అదియే గనుక దానిని కొంత విపులముగా చెప్పవలెను. జపానున 1908లో ఇకెడ కికునాయె అను ఆచార్యుడు సముద్రపుపాచి రసములోని రుచికి కారణము గ్లుటామిక్ ఆమ్లమని కనిపెట్టెను; మరుసటి యేటనే అది అజినమోటో పేర అంగడి కెక్కినది. మొదట దానిని గోధుమ గ్లూటెనును ఘాటైన ఆమ్లమున ఉడికించి తీయుచుండిరి. 1956లో క్యోవా హక్కో సంస్థలోని కినోషిత, ఆయన సహచరులు మట్టిలోని ఒక సూక్ష్మజీవి చక్కెరను, అమోనియాను ఆరగించి గ్లుటామేటును తానే వెలికి విడుచుచున్నదని కనుగొనిరి; దానికే నేడు కొరినీబాక్టీరియం గ్లుటామికం అని పేరు. బయోటిన్ అను విటమిను కొఱతపడినపుడు దాని పైపొర సడలి లోనిది బయటికి స్రవించును. లైసీను విషయమున చిక్కు వేరు: చాలినంత లైసీను తయారైనతోడనే, గిడ్డంగి నిండినదని ద్వారపాలకుడు తలుపు మూసినట్లు, ఆ జీవి తన పని తానే నిలిపివేయును. ఆ ద్వారపాలకుని మాట వినని జీవులను లక్షలలోనుండి యేరి పెంచుటయే ఈ పరిశ్రమయొక్క ప్రాణము. అటుపైన పని, రాత్రి రుబ్బి మూతపెట్టిన ఇడ్లిపిండి తెల్లవారుసరికి పొంగుట వంటిదే. కాని పాత్ర అయిదంతస్తుల యెత్తున నుండును, గాలి అహోరాత్రములు వీచుచుండవలెను, రెండు మూడు దినములు వేడి సమముగా నిలువవలెను. కిలో లైసీనునకు రమారమి రెండు కిలోల చక్కెర వ్యయమగును. మొలాసిసు, మొక్కజొన్నపిండి, కర్రపెండలము, ఏది యైనను దానికి సమ్మతమే.

మెథియోనీను అట్లు కాదు. దానిని ప్రొపిలీనునుండి వచ్చు అక్రోలీను, మీథైల్ మెర్కాప్టాను, హైడ్రోజన్ సయనైడు కలిపి రసాయనవిధమున చేయుదురు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణమున స్టైరీను వాయువు వెలువడి జనులు వీధులలో కూలిపోయిన దృశ్యమును చూచిన తెలుగువారిని, సయనైడు వాడు కర్మాగారము మీ ఊరిప్రక్కన పెట్టెదము ఒప్పుకొనుడని అడుగుటకు నాకు నోరు రాదు. భద్రత విషయమున మన తనిఖీ యంత్రాంగము నమ్మదగినదైన నాడు దాని మాట యోచింపవచ్చును. లైసీను, దానివలెనే తయారగు థ్రియోనీను అను అమైనో ఆమ్లము మాత్రము నేడే మొదలుపెట్టదగినవి.

లైసీను మేలు గ్రుడ్డుతో ఆగునది కాదు. 97 కిలోల మొక్కజొన్నకు 3 కిలోల లైసీను చేర్చినయెడల, లైసీను మట్టుకు అది 100 కిలోల సోయా చెక్కకు సమానమని దాణావారి వాడుక లెక్క. 2021 ఆగస్టున సోయా చెక్క ధర మిన్నంటగా, జన్యుమార్పిడి సోయా చెక్కను 12 లక్షల టన్నుల వఱకు దిగుమతి చేసికొనుటకు కేంద్రప్రభుత్వము అనుమతింపవలసివచ్చెను. లైసీను చేర్చుటచే దాణాలో అనవసరపు మాంసకృత్తి తగ్గినచో పెంటలో నత్రజని తగ్గును. నత్రజని తగ్గినచో అమోనియా ఘాటు తగ్గును. ఫారముల చెంత కాపురమున్న పల్లెవారికి ఊపిరి సులభమగును. ఆ పల్లెవారి మాట మన కోళ్లపరిశ్రమవారు ఇంకను వినవలసినంత వినలేదు.

విపణి సంగతి కఠినమైనది, దానిని దాచి వ్రాయుట పాఠకునికి ద్రోహము. ప్రపంచమున లైసీను ఏటికి ఇరువది లక్షల టన్నులకు మించి తయారగుచుండగా, అందు చైనాదే సింహభాగము. ఫ్రాన్సులోని అమియాఁ పట్టణపు లైసీను కర్మాగారము చైనా ధరల తాకిడికి నిలువలేక 2024లో న్యాయస్థానపు రక్షణ కోరి, అదే యేట వేరొకరి చేతికి పోయినది. 2025లో ఐరోపా సమాఖ్య చైనా లైసీనుపై ప్రత్యేక సుంకములు విధించినది. అంతటి యూరపే అట్లు తూలినపుడు మన మేమి చేయగలమని కొందఱందురు. వారికి నేను చెప్పునది వేరొక చరిత్ర. 1992 మొదలు 1995 వఱకు అమెరికా, జపాను, కొరియా కంపెనీలు హోటలు గదులలో రహస్యముగా సమావేశమై లైసీను ధరను తమలో తాము నిర్ణయించుకొనినవి. అమెరికా ఎఫ్‌బీఐ వారు ఆ సమావేశములను గుప్తముగా చిత్రించి పట్టుకొనగా, 1996లో వానిలో అమెరికా కంపెనీయైన ఏడీఎమ్ సిట్రిక్ ఆమ్లపు ధర విషయమున చేసిన అట్టి నేరముతో కలిపి పది కోట్ల డాలర్ల జరిమానా చెల్లించినది. ఆ మూడేండ్లు ప్రపంచపు కోళ్లరైతులు చెల్లించిన అధికధరను తిరిగి యిప్పింపగల న్యాయస్థానము అనపర్తి రైతునకు లేకుండెను. ఉత్పత్తి కొలదిమంది చేతిలో నున్న వస్తువును, అది చౌకగా నున్నదను ఒక్క కారణమున, శాశ్వతముగా పరులనుండి కొనుట వివేకము కాదు.

మనవారికి చేతగాదను మాటను నేనొప్పుకొనను. తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాదుగారు 1947లో స్థాపించిన ఆంధ్రా షుగర్సు చెఱకుగానుగతో మొదలై, ఆస్పిరినును, కాలక్రమమున మన అంతరిక్షసంస్థ రాకెట్లకు ద్రవ ఇంధనమును తయారుచేసినది. సామర్లకోట, పెద్దాపురము ప్రాంతములయందు కర్రపెండలమునుండి సగ్గుబియ్యము తీయు మిల్లులున్నవి. గోదావరి డెల్టాలో నూకలకు కొదువ లేదు. సూక్ష్మజీవులచేత మందులు చేయించిన లెడర్లే పరిశోధనశాలను అమెరికాలో నడిపిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరమువారు. మా యూరిలో హిజ్లీ నిర్బంధశిబిర భవనమున 1951లో ఆరంభమైన ఐఐటీలో జీవసాంకేతిక శాస్త్రవిభాగ మున్నది. గోల్‌బజారునుండి రిక్షాలో పోదగిన దూరము.

అయితే నూకలకును మొక్కజొన్నకును నేడు వేరొక గిరాకి పుట్టినది. పెట్రోలులో కలుపు ఇథనాలునకై మొక్కజొన్న మరలిపోగా, ఎగుమతి చేయుచుండిన మన దేశము 2024లో దిగుమతి చేసికొనవలసివచ్చినది; కోళ్లరైతు ఆ దెబ్బకు మూలిగెను. అదే పిండిపదార్థమునుండి లైసీను తీసిన సోయాపై భారము తగ్గును, గ్రుడ్డు నిలుచును; కారులో కాల్చినది పొగయై పోవును. ఇథనాలునకిచ్చిన వడ్డీరాయితీలు, కొనుగోలు హామీలు అమైనో ఆమ్లములకును ఈయవలెనని నేను కోరుచున్నాను. 1982లో బీ.వీ. రావుగారి ప్రేరణచే రైతులు జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘముగా నేర్పడి, దళారి చెప్పిన ధరకు గాక తాము చెప్పిన ధరకు గ్రుడ్డు అమ్ముట నేర్చుకొనిరి. అదే ఐకమత్యమున వారు లైసీను పొడిని కొనుటకు గూడ నేకము కావచ్చును. పది సంవత్సరముల కొనుగోలు ఒడంబడిక చేతనున్నయెడల, సామర్లకోట ప్రాంతమున ఒక లైసీను కర్మాగారమునకు బ్యాంకు అప్పీయకుండ నుండజాలదు. లైసీను తీసిన పిమ్మట మిగులు నత్రజనితో కూడిన ద్రవమును కాలువలోనికి వదలక ఎరువుగా మార్చు ఏర్పాటు మొదటిరోజునుండియే యుండవలెను; ఏలేరు, గోదావరి కాలువల నీరు త్రాగువారికి ఆ పూచీ వ్రాతపూర్వకముగా నీయవలెను.

ఫాల్గుణమునకు గోల్‌బజారున గ్రుడ్లు మరల గుంటలు నిండి, ట్రే కదిపినను చప్పుడు లేక నిలిచినవి. మేనల్లుడు మెథియోనీను పొడిని పాత మోతాదుననే కలుపుచున్నాడట. సంచి మాత్రము పెరిగిన ధరకే కొనుచున్నాడు.