వెచ్చదనపు ఖరీదు

ఒక దేశపు ప్రజలకు తమ పాలకులపై ఎంత నమ్మకమున్నదో తెలుసుకోవడానికి పార్లమెంటు ప్రసంగాలు చదవనక్కరలేదు. అక్కడి సామాన్య గృహస్థుడు నెలాఖరున ఏ కాగితం చూసి నిట్టూరుస్తున్నాడో గమనిస్తే చాలు. మన దగ్గర ఉల్లిగడ్డ ధర, వంటగ్యాసు బండ ధర ప్రభుత్వాలకు చెమటలు పట్టించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. బ్రిటన్‌లో గత నాలుగైదేళ్ళుగా ఆ పనిని గ్యాసు, విద్యుత్తు బిల్లు చేస్తున్నది.

ఏడు సముద్రాల అవతలి బిల్లుతో మనకేమి పని అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. హైదరాబాదు, గుంటూరు, కర్నూలు, నిజామాబాదు వంటి ఊళ్ళ నుండి చదువుకో, ఉద్యోగానికో బ్రిటన్ వెళ్ళిన బిడ్డలు మన బంధువర్గంలో ఎవరో ఒకరికి ఉంటూనే ఉన్నారు. “ఇంట్లో కూడా కోటు వేసుకునే కూర్చుంటున్నాం అమ్మీ” అని వారు ఫోనులో చెబితే ఇక్కడి తల్లికి ఆ మాట వింతగా తోస్తుంది. దాని వెనుక ఉన్న కథ తెలుసుకోవడం మంచిది. అంతేకాదు, ఇచ్చిన మాట, తప్పిన మాట, వాటి మధ్య నలిగిపోయే సంసారం అన్నవి ఏ దేశానికైనా వర్తించే విషయాలు.

ముందుగా అక్కడి ఇంటి స్వభావం అర్థం చేసుకోవాలి. మనకు కరెంటు ఖర్చు వేసవిలో పెరుగుతుంది. ఫ్యాను, కూలరు ఆపితే కష్టమే గాని, రాత్రి డాబా మీద పడుకుని గడపవచ్చు. బ్రిటన్‌లో శీతాకాలం ఆరు నెలల వ్యవహారం. అక్కడ పదింట ఎనిమిది ఇళ్ళకు పైగా గ్యాసు బాయిలరుతోనే వెచ్చబడతాయి. బాయిలరు నీటిని వేడి చేస్తుంది, ఆ నీరు గది గదిలో ఉన్న ఇనుప రేడియేటర్లలో ప్రవహిస్తుంది. ఇళ్ళలో అధిక భాగం పాతవి, గోడల నుండి, కప్పు నుండి వేడి జారిపోయేవి. బాయిలరు ఆపితే గోడలు చెమ్మగిల్లి బూజు పడుతుంది, పసిపిల్లలకు, వృద్ధులకు ఊపిరి సమస్యలు వస్తాయి. కాబట్టి అక్కడ వెచ్చదనం విలాసం కాదు, అన్నం వంటి అవసరం. “వేడి కోసమా, తిండి కోసమా” అన్న ప్రశ్న అక్కడి పేదల నోట నానుడిగా స్థిరపడిపోయింది.

ఇక లెక్కలు చూద్దాం. గృహ ఇంధన ధరలకు ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ ఒక గరిష్ఠ పరిమితి నిర్ణయిస్తుంది. దీనినే ప్రైస్ క్యాప్ అంటారు. ఇది 2019 జనవరిలో అమలులోకి వచ్చింది. చాలామంది దీనిని బిల్లు మొత్తానికి పరిమితి అనుకుంటారు. నిజానికి ఇది యూనిట్ ధరకు, రోజువారీ స్థిర రుసుముకు మాత్రమే పరిమితి. ఎక్కువ వాడితే బిల్లు ఎక్కువే వస్తుంది. వార్తలలో చెప్పే అంకె సగటు కుటుంబపు వార్షిక వ్యయానికి ఒక అంచనా మాత్రమే.

ఆ అంకె 2021 అక్టోబరులో 1,277 పౌండ్లు. 2022 ఏప్రిల్‌లో అది 1,971 పౌండ్లకు ఎగబాకింది. ఉక్రెయిన్‌పై రష్యా యుద్ధం గ్యాసు విపణిని కుదిపివేయగా, 2022 అక్టోబరు నుండి అది 3,549 పౌండ్లు కాబోతున్నదని ఆగస్టులో ప్రకటించారు. ఏడాది వ్యవధిలో దాదాపు మూడింతలు! జీతం మాత్రం మూడింతలు కాలేదు. నెల నెలా బ్యాంకు ఖాతా నుండి వెళ్ళే చెల్లింపును ఆపివేద్దాం, పది లక్షల మంది కూడితే ఎవరు ఏమి చేయగలరు అనే ఉద్యమమొకటి ఆ వేసవిలోనే పుట్టింది. చట్టాన్ని గౌరవించి, వరుసలో నిలబడటాన్ని సంస్కృతిగా భావించే ప్రజలు అలాంటి ఆలోచన చేయడమే వారి విసుగుకు కొలమానం.

అదే సమయంలో వెస్ట్‌మినిస్టర్‌లో ఏమి జరుగుతున్నది? జూలైలో బోరిస్ జాన్సన్ రాజీనామా ప్రకటించారు. వేసవి అంతా అధికార పక్షం తన కొత్త నాయకుడిని ఎన్నుకునే పనిలో మునిగిపోయింది. సెప్టెంబరు 6న లిజ్ ట్రస్ ప్రధాని అయ్యారు. 8వ తేదీన ఆమె సగటు బిల్లు 2,500 పౌండ్లు దాటకుండా రెండేళ్ళ పాటు కాపాడుతామని హామీ ఇచ్చారు. సెప్టెంబరు 23న ఆమె ఆర్థికమంత్రి ప్రకటించిన చిన్న బడ్జెట్టు విపణిని అల్లకల్లోలం చేసింది, గృహ రుణాల వడ్డీలు పెరిగాయి. అక్టోబరు 17న కొత్త ఆర్థికమంత్రి ఆ రెండేళ్ళ హామీని ఏప్రిల్ వరకే పరిమితం చేశారు. అంటే రెండేళ్ళ మాటకు ఆరు వారాల ఆయుష్షు కూడా దక్కలేదు. తర్వాత దానిని మరో మూడు నెలలు పొడిగించారన్నదీ, ప్రతి ఇంటికీ 400 పౌండ్ల సాయం అందిందన్నదీ నిజమే. ఆ సాయం అనేక కుటుంబాలను నిలబెట్టింది. కాని అక్టోబరు ముగిసేలోగా ఆ ఏడాది మూడవ ప్రధాని గద్దెనెక్కారు. సాయం చేసిన చేతులు కూడా నిలకడలేని చేతులే అన్న భావన ప్రజలలో మిగిలిపోయింది.

ధరలు ఎందుకింతగా పెరిగాయి? యుద్ధం ఒక కారణం. అయితే యుద్ధానికి ముందే ఇంటి గోడకు బీటలున్నాయి. 1986లో గ్యాసు సంస్థను, 1990లో విద్యుత్తు పంపిణీ సంస్థలను ప్రభుత్వం ప్రైవేటుకు విక్రయించింది. పోటీ వల్ల ధర తగ్గుతుందన్నది నాటి వాదన. కొంతకాలం తగ్గిన మాట వాస్తవమే. ఆ తర్వాత తగినంత మూలధనం లేని చిన్న సంస్థలు చౌక ధరలతో వినియోగదారులను ఆకర్షించి, 2021లో టోకు ధర పెరగగానే వరుసగా కూలిపోయాయి. అలా మూతబడినవి రెండు డజన్లకు పైనే. వాటి వినియోగదారులను ఇతర సంస్థలకు తరలించడానికైన ఖర్చును చివరికి అందరి బిల్లులలోనూ కలిపారు. దేశపు గ్యాసు నిల్వలో అతిపెద్ద భాగానికి ఆధారమైన, సముద్రగర్భంలోని రఫ్ నిల్వ కేంద్రాన్ని 2017లో మూసివేశారు. అవసరం ముంచుకొచ్చాక 2022లో కొంత మేరకు మళ్ళీ తెరిచారు. ఇంట్లో ధాన్యపు గాదె కూల్చి, కరువు వచ్చాక ఇటుకలు వెదికినట్లయింది.

మరొక చిక్కు ఉన్నది. బ్రిటన్‌లో గాలిమరల విద్యుత్తు బాగా పెరిగింది. అయినా టోకు విపణిలో, గిరాకీ తీర్చడానికి చివరగా అవసరమైన అత్యంత ఖరీదైన కేంద్రపు ధరే అందరికీ వర్తిస్తుంది. ఎక్కువ సమయం ఆ చివరి కేంద్రం గ్యాసుతో నడిచేదే అవుతుంది. కాబట్టి గాలి ఉచితమైనా బిల్లు మాత్రం గ్యాసు ధరనే అనుసరిస్తుంది. 2025 చివరలో విద్యుత్తు యూనిట్ ధర సుమారు 26 పెన్నీలు, గ్యాసు యూనిట్ ధర 6 పెన్నీల పైచిలుకు. దీనికి తోడు ఒక్క దీపం వెలిగించకపోయినా ప్రతిరోజూ చెల్లించవలసిన స్థిర రుసుము ఉన్నది. పొదుపు చేసి కూడా బిల్లు తగ్గించుకోలేని పేద వితంతువుకు ఈ రుసుము అన్నింటికన్నా ఎక్కువ అన్యాయంగా తోస్తుంది.

వాగ్దానాల చరిత్ర ఇంకా పాతది. 1990ల మొదట్లో గృహ ఇంధనంపై పన్ను వేసినప్పుడు వృద్ధులు వీధికెక్కారు. దానిని రెండింతలు చేయాలన్న ప్రయత్నం 1994లో పార్లమెంటులో ఓడిపోయింది. 2013లో ప్రతిపక్ష నాయకుడు ఎడ్ మిలిబాండ్ ధరలను స్తంభింపజేస్తామంటే అధికార పక్షం ఎద్దేవా చేసింది. అదే పక్షం ఐదేళ్ళకు ధరల పరిమితి చట్టం తెచ్చింది. 2024 ఎన్నికలలో లేబర్ పార్టీ 2030 నాటికి బిల్లులో 300 పౌండ్లు తగ్గిస్తామన్నది. గెలిచిన నెలలోనే, జూలై 29న, పింఛనుదారులకు 1997 నుండి అందుతున్న శీతాకాలపు ఇంధన భృతిని అతిపేదలకు మాత్రమే పరిమితం చేస్తున్నట్లు ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ ప్రకటించారు. భృతి 200 లేదా 300 పౌండ్లే. కాని దాదాపు కోటిమంది వృద్ధులు ఒక శీతాకాలం దానిని కోల్పోయారు. జనాగ్రహం చూసి 2025 జూన్‌లో ప్రభుత్వం వెనక్కు తగ్గింది, ఏడాదికి 35,000 పౌండ్ల ఆదాయం లోపు వారికి భృతిని పునరుద్ధరించింది. అదే ఏడాది నవంబరు బడ్జెట్టులో, బిల్లులో కలిసి ఉన్న కొన్ని విధానపరమైన ఖర్చులను తొలగించి, 2026 ఏప్రిల్ నుండి సగటున 150 పౌండ్ల మేర ఉపశమనం కలిగిస్తామని చెప్పింది. మంచి నిర్ణయమే కావచ్చు. అయితే పలుమార్లు మోసపోయినవాడు చేతికి అందేవరకు దేనినీ లెక్కలో వేసుకోడు.

ఈ వ్యవహారమంతటిలో మనసును కలచివేసేది ముందస్తు చెల్లింపు మీటర్ల ఉదంతం. మన సెల్‌ఫోను రీఛార్జి వలె డబ్బు వేస్తేనే ఆ మీటరు పనిచేస్తుంది. డబ్బు అయిపోతే ఇల్లు చీకటి, చలి. బాకీ పడినవారి ఇళ్ళలోకి న్యాయస్థానపు ఉత్తర్వులతో ప్రవేశించి ఈ మీటర్లు బలవంతంగా అమర్చుతున్న తీరు 2023 ఫిబ్రవరిలో పత్రికల ద్వారా బయటపడింది. పసిబిడ్డల తల్లులు, వికలాంగులు కూడా బాధితులలో ఉన్నారు. దేశం సిగ్గుపడింది. బలవంతపు అమరిక ఆగింది. తర్వాత తెచ్చిన నియమాల ప్రకారం రెండేళ్ళ లోపు బిడ్డలున్న ఇళ్ళలో, ఏ ఆసరా లేని 75 ఏళ్ళు దాటిన వృద్ధుల ఇళ్ళలో బలవంతంగా అమర్చరాదు. అప్పుపడ్డవాడిని ఎలా చూస్తున్నామన్నదే ఒక సమాజపు నైతికతకు గీటురాయి.

ఇంతటి అసంతృప్తి ఎటు పోతుంది? కొంత మౌనంలోకి పోతుంది. 2024 ఎన్నికలలో ఓటు వేసినవారు నూటికి సుమారు 60 మంది మాత్రమే. కొంత కొత్త పార్టీల వైపు మళ్ళుతుంది. 2025 మే నాటి స్థానిక ఎన్నికలలో రిఫార్మ్ యూకే పార్టీ 10 పాలకమండళ్ళను చేజిక్కించుకున్నది. బిల్లులకు కారణం పర్యావరణ విధానాలేనని ఆ పార్టీ, గ్యాసు మీద ఆధారపడటమేనని ప్రభుత్వం వాదిస్తున్నాయి. ఈ వాదన జరగవలసిందే, ప్రజలు తూచి నిర్ణయించుకోవలసిందే. ప్రమాదమల్లా, నిజమైన బాధను పట్టుకుని దానికి అబద్ధపు కారణం చూపించినప్పుడు వస్తుంది. 2024 వేసవిలో సౌత్‌పోర్టులో చిన్నారుల హత్య జరిగినప్పుడు హంతకుడు ముస్లిమనే పుకారు ఒక్క రోజులో పాకి, అక్కడి మసీదుపై దాడికి దారితీసింది. ఆ అల్లర్లకు బిల్లులే కారణమని ఎవరూ అనలేరు. కాని విసిగి ఉన్న సమాజంలో పుకారుకు చెవులు ఎక్కువ దొరుకుతాయన్నది మన దేశపు అనుభవం కూడా.

ఇదే చరిత్రకు మరో పార్శ్వం ఉన్నది. 2022–23 శీతాకాలంలో గ్రంథాలయాలు, చర్చిలు, మసీదులు, సామాజిక భవనాలు తలుపులు తెరిచి, ఇంట్లో బాయిలరు వెలిగించుకోలేని ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని చెప్పాయి. వెచ్చని గది, ఒక కప్పు టీ, పలకరించే మనిషి. వచ్చినవారి మతం ఎవరూ అడగలేదు. ప్రభుత్వం చేయవలసిన పనికి ఇది ప్రత్యామ్నాయం కాదు. అయినా పొరుగువాడి చలిని తన చలిగా భావించినవారు ఆ దేశంలో ఉన్నారన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

బిడ్డలను అక్కడికి పంపే తల్లిదండ్రులకు కొన్ని మాటలు. గది అద్దెలో ఇంధనపు బిల్లు కలిసి ఉన్నదో లేదో ఒప్పందం చేసుకునేటప్పుడే అడగమనండి. ఇంట్లో చేరిన రోజే మీటరు అంకెను ఫోటో తీసుకోమనండి, లేకపోతే పాత అద్దెదారు బాకీ నెత్తిన పడవచ్చు. ఇంటి యజమాని తాను చెల్లించిన యూనిట్ ధరకన్నా ఎక్కువ అద్దెదారు వద్ద వసూలు చేయరాదన్న నియమం ఉన్నది. విద్యార్థి వీసాపై ఉన్నవారికి ప్రభుత్వ భృతులు సాధారణంగా వర్తించవు కాబట్టి, ఇక్కడ వేసుకునే ఖర్చుల లెక్కలోనే శీతాకాలపు బిల్లుకు చోటివ్వాలి. బాకీ పడితే దాచుకోకుండా వెంటనే సరఫరా సంస్థతో మాట్లాడి వాయిదాలు అడగడం మేలు. అన్నింటికన్నా ముఖ్యం, డబ్బు మిగల్చడానికి చలిలో పడుకోవద్దని వారికి గట్టిగా చెప్పండి. మనం కష్టపడతామని తలచి వారు ఈ మాట మనతో చెప్పరు.

పాలన ఒక అమానతు. బ్రిటిషు ప్రజల విసుగును గమనిస్తే, ధర పెరిగినందుకు కలిగిన కోపంకన్నా మాట నిలవనందుకు కలిగిన కోపమే ఎక్కువ కాలం నిలిచినట్లు కనిపిస్తుంది. కష్టకాలంలో నిజం చెప్పిన పాలకుడిని ప్రజలు ఓర్చుకుంటారు. రెండేళ్ళ మాటను ఆరు వారాలలో మింగినవాడిని మరచిపోరు. మన నాయకులు ఉచితాల జాబితాలతో మన వీధులకు వచ్చే రోజున ఈ కథను మనమూ గుర్తుచేసుకోవాలి. ఎంత ఇస్తారని అడిగే ముందు, ఎక్కడి నుండి తెస్తారు, ఎంతకాలం ఇస్తారు అని అడగడం నేర్చుకోవాలి.