వాళ్లది కోపం కాదు, భయం

కొట్టేవాడికి భయమేంటని అడగొచ్చు. భూమి వాడిది, అప్పు వాడిది, పోలీసుస్టేషన్‌లో కుర్చీ వేసేది వాడికే. భయపడాల్సింది గూడెం గదా అంటారు. కాదు. దాడి జరిగిన ప్రతి ఊళ్లోనూ ముందు భయపడింది పెత్తందారే.

కారంచేడు తీసుకుందాం. 1985 జూలైలో, తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల బకెట్టు కడగొద్దన్నారు మాదిగలు. కొట్టబోతే ఒక మాదిగ స్త్రీ చేతిలో బిందె ఎత్తింది. ఆ బిందె ఎవరి ప్రాణమూ తియ్యలేదు. కానీ జూలై 17న ఆరుగురు మాదిగల్ని వెంటాడి చంపారు. ఎందుకని? బిందె ఎత్తిన చెయ్యి రేపు కూలి రేటు అడుగుతుంది, ఎల్లుండి ఓటు తన ఇష్టానికి వేస్తుంది. వాళ్లకి కనపడింది బిందె కాదు, ఆ ఎల్లుండి.

చుండూరులో సినిమాహాల్లో కాలు తగిలిందన్నారు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాల్వలో తోశారు. అక్కడి దళిత యువకులు చదువుకున్నారు, అందరూ దొర పొలం మీదే ఆధారపడి లేరు. అదీ అసలు నేరం! ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు శిక్షపడ్డ అందర్నీ వదిలేసింది.

ఇవన్నీ పాతకథలంటారా? 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగింది? కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. బోర్డు మీద ఒక పేరు చేరితే ఎవరి పొలంలో సెంటు భూమి తగ్గుద్ది?

తగ్గేది భూమి కాదు, పెత్తనం. కులం వాడికి చిన్నప్పట్నుంచీ ఒకటే నేర్పింది: నీ కింద ఒకడు వంగి ఉంటేనే నువ్వు పెద్దోడివని. అందుకే కిందోడు లేచి నిలబడితే, తను పడకపోయినా పడిపోయినట్టే ఉంటది వాడికి. మాలో బడిపంతుళ్లం ఉన్నాం. మా తండ్రులు పాలేర్లు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక ఊళ్లో సైకిల్ దిగి నడవమన్నారు. మేం సైకిలెక్కితే ఆ రచ్చబండ మీద కూర్చున్నాయన సొమ్మేం పోయింది?

'వాళ్ల భయం మీరూ అర్థం చేసుకోవాలి, కొంచెం నిదానంగా పొండి' అని నీతి చెప్పే పెద్దమనుషులున్నారు. అర్థం చేసుకుంటాం. అర్థం చేసుకోవడమంటే తల వంచడం కాదు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ వెంట జనం చెరువు నీళ్లు తాగితే ఆ చెరువుకి శుద్ధి చేసుకున్నారు. వాళ్ల భయం తగ్గేదాకా ఆగుంటే ఈ రోజుకీ దప్పికతోనే ఉండేవాళ్లం.

అన్నలారా, అక్కలారా, ఇంకో మాట. ఇది చెప్పకపోతే మనం దొంగలం. సంఘం మీటింగుకి మన ఆడోళ్లు వస్తామంటే మనకెందుకు చిరాకు? కూలి డబ్బులు తన చేతిలోనే ఉంచుకుంటానంటే మనమెందుకు చెయ్యెత్తుతున్నాం? అదీ ఈ భయమే. కారంచేడులో బిందె ఎత్తింది ఆడమనిషని మర్చిపోవద్దు. దొర భయాన్ని మన గుడిసెలో పెట్టుకుని దొరతో పోరాడలేం.

ఇక పని సంగతి. మనం అడగడం మొదలుపెట్టగానే భయపడ్డవాడు చేసే మొదటి పని పనులాపడం, కిరాణా కొట్టు మూయించడం, దారి కట్టెయ్యడం. మూణ్ణాలుగు వారాలకి సరిపడా గింజలు గూడెంలో ముందే పోగెయ్యండి. పక్కూళ్ల సంఘాలకి కబురుండాలి. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ అత్యాచార నిరోధక చట్టం కింద నేరం. 2016 జనవరి 26 నుంచి సవరణ అమల్లో ఉంది. ఫిర్యాదు నోటిమాటగా ఒదలొద్దు, రాసివ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. కావాలని నిర్లక్ష్యం చేసే ఎస్సీ, ఎస్టీ కాని అధికారికి అదే చట్టంలో సెక్షన్ 4 ఉంది. ఆ సంగతి ఎస్సై ముందు గట్టిగా చదివి వినిపించండి.

వాళ్ల పెత్తనం మనకొద్దు. ఒకడి మీద ఒకడికి పెత్తనం లేని ఊరు కావాలి. ఆ ఊళ్లో వాళ్లక్కూడా భయం ఉండదు. ఆ సంగతి తెలిసేదాకా వాళ్లు భయపడితే పడనీండి. మనం మాత్రం సైకిల్ దిగొద్దు.

జై భీమ్!