బానెట్ ఎత్తని స్వేచ్ఛ

నా పాత ఎంజీబీ కారుకి ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్ బిగించుకున్నానని చెప్తే, కవిత్వం రాసే నా స్నేహితురాలు వెంటనే, "ఎంత మంచి ప్రతీక! స్త్రీ జీవితం మీద కవిత రాయొచ్చు" అంది. స్త్రీవాద సభల్లో కలిసే ఇంకో మిత్రురాలు, "అవన్నీ మగవాళ్ళ ఆటబొమ్మలు, మనకెందుకు?" అంది. ఫోన్లో మా అమ్మ, "ఇంత చదువు చదివి ఆ గ్రీజు పనేంటే నీకు?" అంది. ముగ్గురూ ప్రేమగానే అన్నారు. కానీ ముగ్గురూ చెప్పింది ఒకటే, ఆ వస్తువు జోలికి పోవద్దని. ఒకరు దాన్ని ప్రతీకగా మార్చేశారు, ఒకరు మగవాళ్ళకి వదిలేశారు, ఒకరు మన స్థాయి గుర్తు చేశారు. ఈ వ్యాసం ఆ ముగ్గురికీ జవాబు.

ముందు ఆ వస్తువేమిటో చెప్తాను.

ఎంజీబీ ఇంగ్లండులోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన చిన్న కారు. దానికి నాలుగు గేర్లు. నాలుగో గేరులో ఇంజను ఎన్నిసార్లు తిరిగితే, వెనక చక్రాలకి శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా అన్నిసార్లే తిరుగుతుంది. మోటార్‌వే మీద గంటకు 70 మైళ్ళ వేగంతో వెళ్తుంటే ఇంజను నిమిషానికి దాదాపు 3,900 సార్లు తిరుగుతూ గోల పెడుతుంది. పక్కవాళ్ళతో మాట్లాడాలంటే అరవాలి. ఓవర్‌డ్రైవ్ అంటే గేర్‌బాక్స్ వెనక ఉండే ఇంకో పళ్ళచక్రాల పెట్టె. మధ్యలో ఒక చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటన్నిటి చుట్టూ లోపలివైపు పళ్ళున్న ఒక వలయం. స్విచ్చి వేస్తే సోలినాయిడ్ ఒక వాల్వును కదుపుతుంది. నూనె ఒత్తిడికి శంకువు ఆకారంలో ఉన్న క్లచ్చి జరిగి మధ్య చక్రాన్ని తిరగకుండా ఆపేస్తుంది. అప్పుడు బయటి వలయం, దానితో పాటు షాఫ్టు, ఇంజను కన్నా వేగంగా తిరుగుతాయి. అదే 70 మైళ్ళకి ఇంజను 3,200 చుట్లతో సరిపెట్టుకుంటుంది. గోల తగ్గుతుంది, పెట్రోలు ఖర్చూ ఇంజను అరుగుదలా తగ్గుతాయి.

ఇందులో ప్రతీక లేదు. మనం రాసేవాళ్ళం సంకెళ్ళ గురించి, పంజరాల గురించి, చక్రాల గురించి ఎన్ని వందల కవితలు రాశామో! సంకెలను ఎలా అతికిస్తారో, తాళం లోపల ఏముంటుందో మనలో ఎందరికి తెలుసు? వస్తువు తెలిసి దాన్ని ప్రతీక చేసుకోవడం వేరు, తెలుసుకునే శ్రమ తప్పించుకోవడానికి ప్రతీక చేసుకోవడం వేరు. మనం ఎక్కువగా చేస్తున్నది రెండోదే అని నా ఫిర్యాదు.

తెలియకపోవడానికి మనం డబ్బు కడుతూనే ఉంటాం. నా కారు 1972 నాటిది, ఓవర్‌డ్రైవ్ లేనిది. పాత విడిభాగాలు అమ్మే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. నా వెనక నిలబడ్డ మగ స్నేహితుడితోనే మాట్లాడుతూ, ఓవర్‌డ్రైవ్ యూనిట్ ఒక్కటీ కొనుక్కుని ఇప్పుడున్న గేర్‌బాక్స్ వెనక తగిలించుకుంటే చాలన్నాడు. ఆ స్నేహితుడు సాహిత్యం చదివినవాడు, కారు టైరు కూడా మార్చి ఎరుగడు. నేను మాన్యువల్ చదువుకుని వెళ్ళాను. ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్‌లో మెయిన్‌షాఫ్టే వేరు. పాతదానికి యూనిట్ తగిలించడం కుదరదు. షాఫ్టు మార్చడానికి గేర్‌బాక్స్ అంతా విప్పాలి, లేదా మొత్తం గేర్‌బాక్సే మార్చాలి. ఆ మాట అంటే అతను మొదటిసారి నా మొహం చూశాడు. "మీ ఆయన్ని కూడా ఒకసారి వచ్చి చూడమనండి" అన్నాడు. నేను వేరేచోట మొత్తం గేర్‌బాక్సే కొనుక్కున్నాను.

ఎంజీబీలో గేర్‌బాక్స్ తియ్యాలంటే ఇంజనుతో కలిపి పైకి లేపాలి. "అంత బరువు ఆడవాళ్ళు ఎలా ఎత్తుతారు?" అని అడిగినవాళ్ళున్నారు. మగవాళ్ళు మాత్రం చేతులతో ఎత్తుతారా? అందరూ అద్దెకు తెచ్చుకునే హాయిస్టే నేనూ తెచ్చుకున్నాను. నేనూ ఇంకో స్నేహితురాలూ కలిసి రెండు వారాంతాల్లో పని పూర్తి చేశాం. ఆడవాళ్ళ బలం గురించిన ఆ పాత వాదన ఒక గొలుసు ముందు ఎంత తేలిపోతుందో చెయ్యి వేసి చూస్తే తెలుస్తుంది.

తీరా బిగించాక ఓవర్‌డ్రైవ్ పడలేదు. కారు సంఘంలో ఒక పెద్దమనిషి, "యూనిట్ పాడైంది, మళ్ళీ దింపి లోపలంతా బాగు చేయించాలి, పెద్ద ఖర్చే" అన్నాడు. నేను టెస్ట్ ల్యాంపు పట్టుకుని కరెంటు ఎక్కడిదాకా వస్తోందో చూసుకుంటూ వెళ్ళాను. ముందు స్విచ్చి, తర్వాత మూడు, నాలుగు గేర్లలో మాత్రమే కరెంటు పోనిచ్చే ఇంకో స్విచ్చి, ఆ తర్వాత సోలినాయిడ్. రెండో స్విచ్చి దగ్గర నేనే సరిగా నొక్కని కనెక్టర్ ఊడి ఉంది. నొక్కాను. టక్కుమని సోలినాయిడ్ శబ్దం వినిపించింది. తప్పు నాదే, పట్టుకున్నదీ నేనే. చేతిలో వ్యాసం అచ్చయి వచ్చినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఇక్కడిదాకా మగవాళ్ళ మీద ఫిర్యాదు. అది సులువు. మన మీద మనం చేసుకోవలసిన ఫిర్యాదు ఇంకొకటి ఉంది.

ఎంజీబీ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్‌ది, 1,798 సీసీ. మా నాన్న అంబాసిడర్‌లో ఉన్నదీ ఆ కుటుంబానిదే, 1,489 సీసీ. నేను మొదటిసారి ఎంజీబీ బానెట్ ఎత్తినప్పుడు ఆ ఇంజను నాకు చూసినట్టే అనిపించింది. చిన్నప్పుడు నాన్న కారు విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్తే, నేను వెనక సీట్లో పుస్తకం చదువుకుంటూ కూర్చునేదాన్ని. షెడ్డులో నా ఈడు కుర్రాడు ఒకడుండేవాడు. మేస్త్రి చెయ్యి చాస్తే చాలు, అడక్కుండానే కావలసిన పానా అందించేవాడు. ఇంజను శబ్దం విని వాల్వు సందు ఎక్కువైందని చెప్పేవాడు. నేను చేసేదాన్ని చదువనీ, వాడు చేసేదాన్ని పని అనీ అనేవాళ్ళు. వాణ్ణి ఎవరూ పేరుతో పిలవడం నేను వినలేదు.

నన్ను ఆ బానెట్ దగ్గరికి రానివ్వనిది నేను ఆడపిల్లని కావడం ఒక్కటే కాదు. మా అగ్రవర్ణపు ఇంట్లో మగపిల్లలు కూడా గ్రీజు ముట్టుకోలేదు. గ్రీజు అంటే ముస్లింల, దళితుల, వెనకబడిన కులాల పిల్లల పని. ఆ దూరాన్ని మనలో చాలామందిమి స్త్రీవాదంలోకి కూడా వెంట తెచ్చుకున్నాం. శ్రమ గురించి సిద్ధాంతాలు రాస్తాం, శ్రమలో ఉన్న జ్ఞానాన్ని జ్ఞానమని ఒప్పుకోం. "మగవాళ్ళ ఆటబొమ్మలు" అన్న మాట వినడానికి పితృస్వామ్యం మీద విమర్శలా ఉంటుంది. దాని లోపల, చేత్తో చేసే పని మనది కాదన్న పాత నమ్మకం కూడా దాక్కుని ఉంది.

మనం ఎవరిని గుర్తు పెట్టుకుంటామో చూడండి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్లకు పైగా కారు నడిపింది. దూరప్రయాణం చేసిన మొదటి డ్రైవరని పొగుడుతారు. దారిలో ఆమె చెప్పులు కుట్టేవాడి చేత బ్రేకులకి తోలు వేయించింది. కొండ ఎక్కలేక కారును నెట్టవలసి వచ్చాక, ఇంకో గేరు కావాలని భర్తకి చెప్పింది. నడిపినందుకు మెచ్చుకుంటాం, గేరు సంగతి మర్చిపోతాం.

అంత దూరం ఎందుకు? అయ్యలసోమయాజుల లలిత తెలుగు ఇంటి ఆడపిల్ల. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి, చంటిబిడ్డతో మిగిలిన మనిషి. 1940లలో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, దేశంలోని తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైంది. కలకత్తాలో విద్యుత్ సరఫరా లైన్లకు డిజైన్లు చేసింది. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్ళింది. వితంతువుల గురించి నేను ఎన్ని కథలు చదివానో లెక్కలేదు. ఆ కథలతో పాటు ఈమె పేరు నాకెవరూ చెప్పలేదు.

పాత కారు విలాసం కదా అంటారు. విలాసమే. ఆ కారుని నేను సమర్థించడం లేదు, దాన్ని విప్పి చూసే హక్కుని సమర్థిస్తున్నాను. ఆ హక్కు స్కూటరుకీ, నీళ్ళ మోటారుకీ, మిక్సీకీ, కంప్యూటరుకీ వర్తిస్తుంది. ఆడవాళ్ళు స్టీరింగ్ పట్టుకున్నారని మనం సంబరపడ్డాం, పడాల్సిందే. కానీ బండి ఆగిన ప్రతిసారీ రోడ్డు పక్కన నిలబడి ఇంకొకరి కోసం చూసే స్వేచ్ఛ సగం స్వేచ్ఛే.

నిజానికి మనకి యంత్రాలు కొత్త కాదు. గ్రీజు పనేంటని అడిగిన మా అమ్మే తన కుట్టుమిషను విప్పి, నూనె వేసి, షటిల్ సరిచేసి, దారం బిగువు చూసుకునేది. దాన్ని ఎవరూ మెకానిక్ పని అనలేదు, అమ్మ కూడా అనుకోలేదు. ఆ మాట గుర్తు చేస్తే ఫోన్లో కాసేపు ఊరుకుని, "దానికి ఏ నూనె వేశావే?" అని అడిగింది. ఇంజనుకి వేసే 20డబ్ల్యూ/50 నూనేనని, గేర్‌బాక్స్‌కీ ఓవర్‌డ్రైవ్‌కీ కలిపి అదొక్కటే సరిపోతుందని, జారుడు పెంచే రకం వేస్తే క్లచ్చి పట్టదని చెప్పాను. శ్రద్ధగా విన్నది.

ఈ పత్రికలో రాసేవాళ్ళనీ చదివేవాళ్ళనీ నేను కోరేది అదే. మీ ఇంట్లో ఉన్న ఏదో ఒక యంత్రాన్ని విప్పి, ఎలా పనిచేస్తుందో రాయండి. దాన్ని బాగుచేసే మనిషి పేరు అడిగి, ఆ పేరుతో సహా రాయండి. ప్రతీకలు తర్వాత రాసుకుందాం.