మేకులు లేవు సరే, సముద్రం ఏది?

పోయిన సమ్మర్‌లో సింగపూర్‌లో బాబాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను ముందు చూడాలనుకున్నది ఒక గుడి. కారణం భక్తి కాదు, ఒక రీల్. "ఒక్క మేకు లేకుండా కట్టిన ప్యూర్ చైనీస్ గుడి" అని క్యాప్షన్. పేరు థియాన్ హాక్ కెంగ్, తెలోక్ అయర్ స్ట్రీట్‌లో ఉంది. చుట్టూ ఆఫీస్ టవర్లు, మధ్యలో పిట్టతోకలా చీలి పైకి లేచిన కప్పు, దాని మీద డ్రాగన్లు.

వెళ్ళి ఒక పావుగంట మేకుల కోసం వెతికాను. నిజంగానే. మెడ పట్టేసింది. అప్పుడు పిన్ని అడిగింది: "మేకుల్లేవు సరేరా, ఇంతకీ ఇది ఏ దేవుడి గుడి?"

నాకు తెలీదు! రీల్‌లో లేదు.

నా గొడవ ఇక్కడే మొదలైంది. మేకులు లేకపోవడం అద్భుతమేమీ కాదు. ఒక కొయ్య చివర నాలుకలా చెక్కి, ఇంకో కొయ్యలో తొలిచిన గాడిలోకి బిగించడం చైనా వడ్రంగులు వందల ఏళ్ళుగా చేస్తున్న మామూలు పని. అతుకు కాస్త కదులుతుంది, పుచ్చిన ముక్కను విప్పి మార్చుకోవచ్చు. బాగుంది, కానీ గుడి గొప్పదనం అది కాదు.

ఇది మజు గుడి. పదో శతాబ్దంలో ఫుజియాన్ తీరంలోని మెయ్‌జౌ దీవిలో లిన్ వాళ్ళింట్లో పుట్టిన అమ్మాయి అని చెబుతారు. చనిపోయాక ఓడవాళ్ళకు సముద్ర దేవత అయింది. దక్షిణ చైనా సముద్రం దాటి ప్రాణాలతో సింగపూర్‌లో దిగిన హొక్కియెన్ వలస జనం ఒడ్డునే ఉన్న చిన్న గుడిలో ఆమెకు అగరుబత్తి వెలిగించేవాళ్ళు. ఆ చోటే 1839 నుంచి 1842 మధ్య పెద్ద గుడి కట్టారు. 1840లో చైనా నుంచి మజు విగ్రహం వస్తే ఊరేగింపుగా తీసుకొచ్చారు. ముందుండి కట్టించినవాళ్ళలో తాన్ తోక్ సెంగ్ ఒకడు. మలక్కా నుంచి వచ్చి, కూరగాయలమ్మి పైకొచ్చినవాడు.

ఇక ఆ "ప్యూర్" సంగతి. కొయ్య, రాయి చైనా నుంచి వచ్చాయి నిజమే. కానీ ఇనుప కటకటాలు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోవి! ముందు హాల్లో టావోయిస్టుల మజు, వెనక హాల్లో బౌద్ధుల గ్వాన్‌యిన్. పక్కన కన్‌ఫ్యూషియస్ కూడా ఉన్నాడు. హొక్కియెన్ సంఘం ఆఫీసు నడిచిందీ ఈ గుడి నుంచే. దొరికిన మంచి వస్తువల్లా తెచ్చి పెట్టుకున్న ఇల్లులా ఉంది, నాకదే నచ్చింది. ప్యూర్ అనే మాట దీనికి తగిలిస్తే పొగిడినట్టు కాదు, తగ్గించినట్టు.

నన్ను అన్నిటికన్నా కదిలించింది మాత్రం వేరే. తెలోక్ అయర్ అంటే మలయ్ భాషలో నీటి అఖాతం. ఒకప్పుడు అలలు ఈ వీధి దాకా వచ్చేవి. 19వ శతాబ్దం చివర్లో సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయారు. ఇప్పుడు గుమ్మంలో నిలబడితే కార్లు కనిపిస్తాయి, నీళ్ళు కనపడవు. సముద్ర దేవత, సముద్రం లేదు. రీల్ తీసేవాడు మొదటి సెకన్లో చెప్పాల్సింది ఇది కదా?

1973లో దీన్ని జాతీయ స్మారకం చేశారు. తర్వాత జరిగిన మరమ్మతులకు 2001లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. కొయ్యను బాగానే కాపాడారు. కానీ ఆ కొయ్యను అక్కడికి తెచ్చిన భయం గురించి అడగకపోతే నాలాంటివాడు మేకులే వెతుకుతాడు. (ఆ రీల్ లేకపోతే అసలు వెళ్ళేవాడివే కాదుగా అంటారా? ఒప్పుకుంటా.)

అదే వీధిలో కొంచెం ముందుకెళ్తే నాగూర్ దర్గా. తమిళ తీరం నుంచి ఓడల్లో వచ్చిన చులియా ముస్లింలు 1828-30లో కట్టారు. అదే ఒడ్డు, అదే ప్రయాణం. అక్కడా సముద్రం లేదు.

పిన్ని సింగపూర్ వచ్చి పన్నెండేళ్ళయింది, ఈ గుడికి రావడం ఇదే మొదటిసారి. బయటికొస్తూ ఎత్తైన గడపను తొక్కకుండా దాటింది, ఎవరూ చెప్పకుండానే. మజు పుట్టినరోజు పండగ వాళ్ళ చాంద్రమానంలో మూడో నెల 23వ రోజు. మన ఉగాదిలాగే ఇంగ్లీష్ తేదీ ఏటా మారుతుంది, ఎక్కువగా ఏప్రిల్‌లోనో మే నెలలోనో వస్తుంది.

"వచ్చే ఏడు పండక్కి రారా, చూద్దాం" అంది పిన్ని.

అప్పుడు మాకు ఎండ్ సెమ్స్.